చిత్త కార్తె రాకముందే కుక్కలకు ఆపరేషన్లు చేయించండి

సంపాదకులకు నమస్కారం.

కోనసీమలో ఏటిగట్టు కింద మాదొక చిన్న టిఫిన్ కొట్టు. మొన్నొక రాత్రి ఒంటిగంట దాటాక గట్టు మీద వ్యాను ఆగిన చప్పుడైంది. తెల్లారి చూస్తే పదకొండు కొత్త కుక్కలు. ఏ ఊరివో తెలియదు. పాతవాటికీ వీటికీ కాట్లాట మొదలై రెండు రాత్రులు వీధిలో ఎవరికీ నిద్ర లేదు. ఎక్కడో కుక్కల బెడదని గోల చేస్తే వాటిని తెచ్చి మా గట్టు మీదో ఏటి మధ్య లంకలోనో దించేస్తారు. మావాళ్లూ తక్కువేమీ తినలేదు, సందు చూసి ఇంకో ఊరికి తోలేస్తారు. కుక్కలకు జిల్లా చూపించడం తప్ప ఇందులో సాధించిందేమీ లేదు.

2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఈ పని స్థానిక సంస్థలది, అంటే మున్సిపాలిటీతో పాటు పంచాయతీది కూడా. కుక్కను పట్టుకుని, పిల్లలు పుట్టకుండా కు.ని. ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. రేబిస్ సోకినవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలొద్దంది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో తిరిగేవాటిని షెల్టర్లకు తరలించమని నవంబరు 7న ఇంకో ఆదేశం ఇచ్చింది. అర్ధరాత్రి ఏటిగట్టు మీద దించి రమ్మని మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేను ఈ ఉత్తరం రాస్తున్నది అసలు వేళ గురించి. చిత్త కార్తె కుక్కలని మన పెద్దలు ఊరికే అనలేదు. అక్టోబరులో ఆ కార్తె వచ్చేసరికి వీధిలోని ఆడకుక్కలు వరసగా ఎదకొస్తాయి. కుక్క కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు. లెక్క వేసుకోండి, ధనుర్మాసంలో ముగ్గులు పెట్టే వేళకు ప్రతి అరుగు కింద నాలుగైదు పిల్లలు. పిల్లల తల్లి దగ్గరికి ఎవరు వెళ్లినా కరుస్తుంది. అప్పుడు జనం గగ్గోలు పెడతారు, అప్పుడు కదులుతారు మన అధికారులు. పాలిచ్చే తల్లిని ఆపరేషన్‌కు పట్టుకెళ్లకూడదు, తల్లి లేక పిల్లలు చస్తాయి. మళ్లీ వ్యానే గతి.

ఇప్పుడు ఆషాఢం. ఇంకా మూడు నెలలుంది. ఈ మూడు నెలల్లో చేసిన పది ఆపరేషన్లు సంక్రాంతి తర్వాత చేసే యాభైతో సమానమని నా లెక్క. ఏటా జులై 6న, పాశ్చర్ 1885లో రేబిస్ టీకా మొదటిసారి మనిషికి వేసిన రోజని, పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. ఆ వరసలో నిలబడ్డవాళ్లను ‘మీ కుక్కకు ఆపరేషన్ చేయించారా’ అని అడిగి, పేరు రాసుకుని, తేదీ ఇస్తే ఎంత పని జరిగేది!

ఎందుకింత పట్టుగా చెబుతున్నానంటే, మా పెంపుడు కుక్క బుజ్జి. ఎదకొచ్చినప్పుడల్లా గుమ్మం ముందు డజను మగకుక్కలు చేరుతున్నాయని, ఎద రాకుండా ఉండే ఇంజెక్షన్ అంటూ ఒకాయన పొడిస్తే పొడిపించుకున్నాం. ఆపరేషన్ చేయిద్దామంటే పక్కింటి పిన్నిగారు, ‘ఒక్కసారైనా పిల్లల్ని పెట్టనివ్వకపోతే పాపం అండి, దాని ఒంటికీ మంచిది కాదు, ఆయ్’ అన్నారు. ఆరేళ్లు వచ్చాక ఒక ఎద తగ్గిన నెలన్నరకి బిందెలు బిందెలు నీళ్లు తాగడం మొదలెట్టింది. ఎండలకేమో అనుకున్నాం. నాలుగో రోజుకి కూడు ముట్టలేదు, కింద చీము కారింది. గర్భసంచి నిండా చీమేనట. అర్ధరాత్రి ఆటోలో పట్నం తీసుకెళ్లి గర్భసంచి తీయిస్తే బతికింది. ఎద అయ్యాక ఊరే హార్మోనే ఈ జబ్బుకు దారి చేస్తుందని, మేం వేయించిన ఇంజెక్షన్‌లో ఉన్నదీ అలాంటి మందేనని డాక్టరుగారు చెప్పాక నా నోట మాట రాలేదు. ఒక ఈత పెడితే మంచిదన్నది కూడా వట్టి మాటేనట. మొదటి ఎదకు ముందే ఆపరేషన్ చేయిస్తే రొమ్ముల్లో గడ్డల బెడద చాలామటుకు తగ్గుతుందట. మరీ పెద్ద జాతి కుక్కలైతే ఎముకలు ముదిరేదాకా ఆగమంటారు, అది డాక్టరును అడిగి చేయాలి.

వీధికుక్కల్లో కింద నెత్తురు కారుతూ పువ్వులాంటి గడ్డ కనిపిస్తుంది. బండి గుద్దిందనుకుంటాం. అది జతకట్టినప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకునే క్యాన్సర్. వారానికొకటి చొప్పున కొన్ని వారాలు విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు చేయిస్తే చాలావాటికి నయమవుతుంది. ఆపరేషన్ అయిన కుక్కకు జతకట్టే గొడవే లేదు కాబట్టి ఇది అంటుకోవడమూ అరుదు.

పిల్లుల సంగతి ఎవరూ మాట్లాడరు. చేపల బజారులో చూడండి, పిల్లలు పాలు తాగుతుండగానే తల్లి మళ్లీ కడుపుతో ఉంటుంది. 2023 నిబంధనలు వీధి పిల్లులకూ వర్తిస్తాయి.

ఇంకో మాట. మగకుక్కకు ఆపరేషన్ తేలిక, కాబట్టి వాటితో అంకె పెంచి చూపించుకోవచ్చు. కానీ ఊళ్లో ఒక్క మగది మిగిలినా ఆడవన్నిటికీ చాలు. ముందు ఆడవాటిని పట్టాలి. మన వీధుల్లో ఆడవి ఇన్ని ఉండడానికి కారణం కూడా మనమే. మగ కుక్కపిల్లను పెంచుకుని ఆడ కుక్కపిల్లల్ని గోనెసంచిలో వేసి కాలువ గట్టున వదిలేస్తున్నాం. మండలమంతా ఊరికి ఐదు చొప్పున చేసినా ఉపయోగం లేదు, మిగిలినవి ఒక్క ఏడాదిలో ఆ ఖాళీ పూడ్చేస్తాయి. ఒక ఊళ్లో వందకు 70 అయ్యాకే పక్క ఊరికి వెళ్లాలి.

మా ఊళ్లో నేను తిరిగి లెక్కపెట్టినవి, ఆ పదకొండు కాక, 41. అందులో ఆడవి 19. ఏది ఏ అరుగు మీద పడుకుంటుందో కాగితం మీద రాసి కొట్లో పెట్టాను. పంచాయతీవారు గానీ పశువైద్యులు గానీ వ్యాను తెస్తే ఇస్తాను. ఉదయం ఆరు లోపు రండి, ఇడ్లీ వాసనకి సగం ఇక్కడే ఉంటాయి.

– ఒక పాఠకురాలు, రాజోలు ప్రాంతం