మేనత్త క్యాన్సర్‌ రాయడానికీ ఒక గడి కావాలి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా వీధిలో సర్వేకొచ్చిన ఆశా వర్కర్ ఫోన్‌ చూసి ఒక్కో ప్రశ్నా అడిగింది. అమ్మానాన్నలకు, తోబుట్టువులకు బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అంది. నాకు రొమ్ములో గడ్డ తగులుతోందా అంది. ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా అని మాత్రం అడగలేదు. నేనే చెప్పాను: మేనత్త 42వ ఏట రొమ్ము క్యాన్సర్‌తో పోయింది, నాయనమ్మ ‘కడుపులో గడ్డ’తో పోయిందంటారు, నిరుడు మా అక్కకు వచ్చింది. ‘అది రాయడానికి ఇందులో చోటు లేదక్కా’ అంది పాపం.

ఆ చోటే కావాలి. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే లోపం బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో పుట్టుకతో ఉంటే, బిడ్డకు ఆ లోపం వచ్చే అవకాశం సగానికి సగం. అది తండ్రి నుంచీ వస్తుంది. మా నాన్న నిక్షేపంగా ఉన్నాడు కాబట్టి ఆ వైపు ఎవరూ చూడలేదు. బీఆర్‌సీఏ1 లోపమున్న ఆడవాళ్లలో నూటికి 60 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ వస్తుంది. ముందే తెలిస్తే 25 ఏళ్ల నుంచే ఏటా రొమ్ముకు ఎమ్మారై స్కాన్ తీయించుకోవచ్చు. పిల్లలు పుట్టాక అండాశయాలు తీయించుకోవాలా అన్నది డాక్టరుతో తేల్చుకోవచ్చు.

అమెరికాలో యూటా, న్యూయార్క్ ఆసుపత్రుల్లో రోగుల కుటుంబ చరిత్రను కంప్యూటర్‌తో జల్లెడ పట్టి, ముప్పున్నవాళ్లకు చాట్‌బాట్‌తో వివరాలు చెప్పించారు. కౌన్సెలర్ చెప్పినవాళ్లకు దీటుగానే వీళ్లూ జన్యు పరీక్ష చేయించుకున్నారని 2024లో ఫలితాలొచ్చాయి. మనం జల్లెడ పట్టాలన్నా ముందు ఆ చరిత్ర ఎక్కడో రాసి ఉండాలి కదా! అందుకని ఇంగ్లిషు ఫారాన్ని తర్జుమా చేసి దింపొద్దు. ‘ఫస్ట్ డిగ్రీ రిలేటివ్’ అంటే మా వీధిలో ఎవరికి తెలుసు? పెద్దమ్మ, పిన్ని, మేనత్త, అమ్మమ్మ, నాయనమ్మ అని అడిగితే ఏ వైపు చుట్టరికమో ఆ మాటలోనే తెలిసిపోతుంది. ఎన్నో ఏట వచ్చింది అన్నది రెండో ప్రశ్న. అంతే.

పల్లె నుంచి పెద్ద డాక్టర్లతో ఈ-సంజీవనిలో మాట్లాడిస్తూనే ఉన్నారు. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఆ రెంటినీ కలిపితే ఖమ్మం నుంచి హైదరాబాద్ బస్సెక్కే పని చాలామందికి తప్పుతుంది. పరీక్షకు వేలల్లో అవుతోంది. ఆ ఖర్చు ఆరోగ్యశ్రీ భరించకపోతే ఎన్ని యాప్‌లుండి ఏం లాభం?

ఫలితం మాత్రం మనిషే చెప్పాలి. నా రిపోర్టు ఒక ల్యాబ్ నుంచి రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో వచ్చింది. ‘పాథోజెనిక్’, అంటే జబ్బు తెచ్చే లోపం ఉందని ఎర్రక్షరాలు. ఎవరికి ఫోన్ చేయాలో తెలియక అక్కా నేనూ తెల్లారేదాకా ఆ పీడీఎఫ్‌నే తెరుస్తూ మూస్తూ కూర్చున్నాం.

— ఒక పాఠకురాలు, ఖమ్మం