మడత సీటు దారికి అడ్డమా?

సంపాదకులకు,

పాలకొల్లులో నాకు బస్సు సీట్లు కట్టే షెడ్డుంది. మొన్న మధురపూడిలో హైదరాబాదు విమానమెక్కాను. ఎయిర్‌హోస్టెస్ లేవగానే తలుపు పక్కనున్న ఆమె సీటు టక్కున గోడకి అతుక్కుపోయింది, చెయ్యి వెయ్యకుండానే! అంతా స్ప్రింగు పని. ప్రమాదంలో దారికి అడ్డం రాకూడదని నిబంధన. అంత పల్చటి సీటూ 16 జీ, అంటే భూమ్యాకర్షణకి పదహారు రెట్ల కుదుపు పరీక్షకి ఆగాలి. భుజాల బెల్టు సరేసరి.

మన ప్రైవేటు బస్సుల్లోనో? ఎమర్జెన్సీ తలుపు ముందే ఇంకో సీటు బిగించమంటారు యజమానులు, "మడతదే కదండీ" అంటూ. ఈ ఉప్పుగాలికి బందు తుప్పుపట్టిందంటే దాన్ని లేపడానికి ఇద్దరు కావాలి. నేను బిగించనంటే పక్క షెడ్డుకి పోతారు, అది వేరే సంగతి. ఫిట్‌నెస్ తనిఖీలో రవాణా అధికారులు ఆ సీటుని స్వయంగా లేపి చూడాలని మనవి.

— ఒక సీట్ల మేస్త్రి, పాలకొల్లు