మా మామగారి తండ్రి యుద్ధ సేవపై మీరిచ్చిన తప్పుడు నివేదిక గురించి ఫిర్యాదు

లీడ్స్, ఇంగ్లండ్

ఖాతాదారుల సేవా విభాగం అధికారి గారికి,
కుటుంబ చరిత్ర పరిశోధన సంస్థ, హైదరాబాదు.

విషయం: సైనిక సేవా నివేదికలో ఒక రెజిమెంటు బదులు మరో రెజిమెంటు చరిత్ర రాయడం, మా అసలు ఫోటో తిరిగి పంపకపోవడం.

ఆర్యా,

మా మామగారి తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ట్యాంకు దళంలో పనిచేశారు. ఆయన సైనిక సేవ గురించి పరిశోధించి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నివేదిక ఇస్తామని మీరు చెప్పిన మీదట నిరుడు నవంబరులో 420 పౌండ్లు ముందుగానే చెల్లించాను. ఇంగ్లండులో ఇలాంటి పని చేసేవారు చాలామందే ఉన్నా, రాజమండ్రిలో ఉన్న మా అమ్మానాన్నలు తమ వియ్యంకుడి తండ్రి గురించి తమ భాషలో చదువుకోవాలన్న కోరికతో మీ దగ్గరికి వచ్చాను. ఏప్రిల్‌లో నివేదిక అందింది. చక్కగా అచ్చు వేసి, అట్ట కట్టి పంపారు. అయితే అందులో ఉన్నది ఆయన కథ కాదు, ఆయన ఎన్నడూ పనిచేయని మరో రెజిమెంటు కథ.

నివేదిక ప్రకారం ఆయన మూడో రాయల్ ట్యాంక్ రెజిమెంటులో ట్రూపరు, అంటే సాధారణ సిపాయి. 1944 జూన్‌లో ఆ రెజిమెంటుతో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగారు, జులై 18న కాన్ పట్టణానికి తూర్పున జరిగిన ఆపరేషన్ గుడ్‌వుడ్‌లో గాయపడ్డారు, మర్నాడు ఆసుపత్రిలో చేరారు. ఆ రెజిమెంటు నిజంగానే ఆ యుద్ధంలో ఉంది. 11వ ఆర్మర్డ్ డివిజన్‌లో భాగంగా పోరాడి, సెప్టెంబరులో ఆంట్‌వెర్ప్ దాకా వెళ్లింది. మీరు రాసిన చరిత్రలో అబద్ధం లేదు. కానీ ఆ రోజుల్లో మా తాతగారు నార్మండీలో లేరు, మణిపుర్‌లో ఉన్నారు. ఆయన రెజిమెంటు థర్డ్ కారబినీర్స్. 1922లో రెండు పాత అశ్వికదళ రెజిమెంట్లను కలిపి ఏర్పాటు చేసిన ఈ దళం యుద్ధకాలమంతా ఇండియాలోనూ బర్మాలోనూ ఉంది. 254వ ఇండియన్ ట్యాంక్ బ్రిగేడులో భాగంగా ఇంఫాల్‌ను కాపాడి, 1945లో ఐరావతి దాటింది.

ఈ పొరపాటు ఎలా జరిగిందో మీ పరిశోధకులు చెప్పలేదు. మే నెలలో నేను గట్టిగా అడిగితే ఆయన సేవా రికార్డు నకళ్లు పదకొండు పేజీలు పంపారు. వాటిని భూతద్దం పెట్టుకుని వారం రోజులు చదివిన తర్వాత ఎక్కడ దారి తప్పారో నాకు అర్థమైంది. ఒక్కొక్కటే వివరిస్తాను.

మొదటిది రెజిమెంటు. ఆయన సైనిక నంబరు 79తో మొదలయ్యే ఏడంకెల సంఖ్య. అది రాయల్ ఆర్మర్డ్ కోర్‌కు కేటాయించిన వరుసలోది. 1939 ఏప్రిల్‌లో ఆ కోర్ ఏర్పడినప్పుడు పాత ట్యాంకు బెటాలియన్లతోపాటు, గుర్రాలు వదిలి ట్యాంకులెక్కిన అశ్వికదళ రెజిమెంట్లు కూడా దాని కిందికి వచ్చాయి. కాబట్టి ఆ నంబరును బట్టి ఆయన ట్యాంకు సిపాయి అని తెలుస్తుందే తప్ప ఏ రెజిమెంటో తెలియదు. మీవాళ్లు ఆ నంబరు చూశారు, పక్కన '3' అనే అంకె చూశారు, మూడో రాయల్ ట్యాంక్ రెజిమెంటు అని రాసేశారు. ఆ అంకె పక్కనే 'కారబ్స్' అని, అంటే కారబినీర్స్‌కు పొట్టి రూపం, ఉంది. నాలుగో పేజీలో రెండుసార్లు, ఆరో పేజీలో ఒకసారి ఉంది. ఆరో పేజీలో రబ్బరు స్టాంపు సిరా అలుక్కుపోయిన మాట నిజమే. నాలుగో పేజీలో మాత్రం గుమాస్తా గుండ్రటి చేతిరాతలో ప్రతి అక్షరమూ విడివిడిగా కనిపిస్తోంది. దానికి పై వరుసలోనే ఆయన బొంబాయిలో ఓడ దిగిన తేదీ ఉంది. బొంబాయిలో దిగిన మనిషి నార్మండీకి ఎప్పుడు, ఏ దారిన వెళ్లాడన్న ప్రశ్న ఎవరికైనా రావాలి కదా!

రెండోది గాయం. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆయన రికార్డులో బి 103 అనే ఫారం ఉంది. దాని పేరు 'క్యాజువాల్టీ ఫారం - యాక్టివ్ సర్వీస్'. సైన్యం వాడుకలో ఇక్కడ క్యాజువాల్టీ అంటే గాయం కాదు. బదిలీ, పదోన్నతి, సెలవు, జ్వరం, ఆసుపత్రిలో చేరడం, తిరిగి రావడం, ఇలా సిపాయి స్థితిలో వచ్చిన ప్రతి మార్పునూ అందులో రాస్తారు. సైనిక రికార్డులు చదవడం వృత్తిగా ఉన్నవారికి ఇది మొదటి పాఠం. మీవాళ్లు ఫారం పేరు చూసి, 1944 జులై 19న ఆసుపత్రిలో చేరారన్న వరుస చూసి, దాన్ని ముందురోజు గుడ్‌వుడ్ యుద్ధానికి ముడిపెట్టి, ఆయన ఒంటి మీద లేని గాయాన్ని సృష్టించారు. అదే వరుసలో 'మలేరియా' అని స్పష్టంగా ఉంది. ఆసుపత్రి పేరు దగ్గర 'ఐ.బి.జి.హెచ్.' అని ఉంది. అంటే ఇండియన్ బ్రిటిష్ జనరల్ హాస్పిటల్. దాన్నే మీ నివేదిక నార్మండీలోని ఫీల్డ్ హాస్పిటల్‌గా మార్చింది.

పని మొదలుపెట్టేముందు మీరు పంపిన ప్రశ్నావళికి మా మామగారు మూడు పేజీల జవాబు రాశారు. యుద్ధం నుంచి వచ్చిన తొలి ఏళ్లలో తండ్రికి ఉన్నట్టుండి చలిజ్వరం కమ్మేదని, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం కదిలిపోయేలా వణికేవారని తల్లి చెప్పిన సంగతిని అందులో ప్రత్యేకంగా రాశారు. ఆ ఒక్క వాక్యం మీద మనసు పెట్టి ఉంటే ఆసుపత్రి కారణం అక్కడే దొరికేది. ఆ జవాబును చదివినట్టే మీ నివేదికలో ఎక్కడా కనిపించదు.

మూడోది ఫోటో. మా ఇంట్లో ఉన్న ఆయన యుద్ధకాలపు ఫోటో అదొక్కటే. నలుగురు సిపాయిలు చొక్కాలు లేకుండా ట్యాంకుకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఎడమ నుంచి రెండోవారు తాతగారు, చేతిలో రేకు మగ్గు ఉంది. నివేదికలో మీరు దాని కింద 'షెర్మన్ ట్యాంకు, నార్మండీ, 1944' అని రాశారు. షెర్మన్‌కు పెద్ద తుపాకీ పైన తిరిగే టరెట్‌లో ఉంటుంది. ఈ ఫోటోలో పెద్ద తుపాకీ ట్యాంకు ఒడలికి ఒక పక్కన అమర్చి ఉంది, పైనున్న చిన్న టరెట్‌లో మరో చిన్న తుపాకీ ఉంది. ఇది లీ ట్యాంకు. పక్కనున్నది 75 మిల్లీమీటర్లది, పైనున్నది 37 మిల్లీమీటర్లది. ఇంఫాల్‌లో కారబినీర్స్ నడిపినవి ఇవే. 1942లో ఎడారి యుద్ధంలో మూడో రాయల్ ట్యాంక్ రెజిమెంటు కూడా ఇదే జాతికి చెందిన గ్రాంట్ ట్యాంకులు నడిపిందని మీరు వాదించవచ్చు. కానీ మీ నివేదికే ఆయనను ఎడారిలో ఉంచలేదు. పైగా ఫోటోలో సిపాయిల వెనక వెదురు పొద ఉంది, ఎడారిలో వెదురు పెరగదు. ఫోటో వెనక పెన్సిలుతో 'ఇంఫాల్' అని ఆయన చేతిరాతే ఉంది. మీరు ముందు భాగాన్ని మాత్రమే స్కాన్ చేసినట్టున్నారు.

పతకాల విషయానికొస్తే, ఆయన పెట్టెలో బర్మా యుద్ధంలో పనిచేసినవారికిచ్చిన బర్మా స్టార్ పతకం ఉందని, దానితోపాటు వచ్చిన చిన్న కాగితంలోనూ ఆ పేరు ఉందని మేం ముందే తెలిపాం. బ్రిటిష్ సిపాయిలకిచ్చిన ఆ యుద్ధపు స్టార్ల మీద పేర్లు చెక్కలేదు కాబట్టి అది ఎవరిదో చెప్పలేమని మీ ప్రతినిధి ఫోనులో అన్నారు. పేర్లు చెక్కలేదన్నది సరైన మాటే. అయితే ఆ కాగితమూ, రికార్డూ, ఫోటో, జ్వరమూ అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నప్పుడు, ఆ పతకం వేరెవరిదో అయి ఉంటుందని ఊహించడం ఏ పరిశోధన పద్ధతో నాకు బోధపడలేదు.

మీ తప్పు కాగితం మీదే ఆగలేదు. నివేదిక నమ్మి మా మామగారు జూన్‌లో పోర్ట్స్‌మత్ నుంచి ఓడెక్కి నార్మండీ వెళ్లారు. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పితో, కాన్ తూర్పున ఉన్న గోధుమ చేల గట్టు మీద మీ నివేదిక చేతపట్టుకుని అరగంట నిలబడ్డారు. నేను పక్కనే ఉన్నాను. అప్పటికే నకళ్లు నా చేతికొచ్చినా నేనింకా చదవడం మొదలుపెట్టలేదు. ముందే చదివి ఉంటే ఆయన్ను ఆ ప్రయాణం చేయనిచ్చేదాన్ని కాదు. తిరిగి వచ్చాక నిజం చెప్పాల్సివచ్చింది. ఆయన ఏమీ అనలేదు. నివేదికను బల్ల సొరుగులో పెట్టేశారు, మళ్లీ తీయలేదు.

ఈ విషయంలో నా పట్టుదలకు మరో కారణం కూడా ఉంది. మా ముత్తాతగారు శ్రీకాకుళం నుంచి పొట్టకూటికి బర్మాలోని రంగం (రంగూన్) వెళ్లి, 1942లో జపానువాళ్లు వచ్చినప్పుడు, వేలాది తెలుగువాళ్లతోపాటు సరిహద్దు ఊరు టాము మీదుగా ఇంఫాల్‌కు కాలినడకన వచ్చారు. రెండేళ్ల తర్వాత, 1944 మార్చి 20న, అదే టాము దగ్గర కారబినీర్స్ ట్యాంకులు జపాను ట్యాంకులతో తలపడ్డాయి. మా రెండు కుటుంబాల పెద్దలు ఒకే దారి తొక్కారన్న సంగతి మీ నివేదిక సరిగ్గా ఉంటే ఏప్రిల్‌లోనే తెలిసేది. అది నేను ఆగస్టులో, రాత్రిపూట, పిల్లలు పడుకున్నాక మ్యాపులు పరుచుకుని తెలుసుకున్నాను.

ఈ తప్పులన్నీ వివరిస్తూ ఆగస్టులో మీకు రాశాను. నివేదిక అందిన 30 రోజుల్లోగా అభ్యంతరం చెప్పలేదు కాబట్టి ఏమీ చేయలేమని, నిపుణుల నిర్ణయమే అంతిమమని రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆధారమైన నకళ్లను మీరే నాకు ఆ గడువు దాటాక ఇచ్చారు. ఆధారాలు చేతిలో లేకుండా అభ్యంతరం ఎలా చెప్పగలనో మీరే ఆలోచించండి.

కాబట్టి నేను కోరుతున్నవి ఇవి. నివేదిక తప్పని లిఖితపూర్వకంగా ఒప్పుకుని, ఆ ఒప్పుకోలును మా మామగారి పేరిట పంపాలి. నేను చెల్లించిన 420 పౌండ్లను తిరిగి ఇవ్వాలి, లేదా సైనిక ఫారాలు చదవడం తెలిసినవారి చేత మళ్లీ పరిశోధన చేయించాలి. రెండోదానికే ఒప్పుకుంటే, లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని కారబినీర్స్ వార్ డైరీని, అంటే దళం రోజువారీగా రాసుకున్న యుద్ధ దినచర్యను, చూడాలి. మీరు తిరగేసినది నార్మండీ దళాల డైరీలుండే డబ్ల్యూ.ఓ. (వార్ ఆఫీస్ పత్రాల) 171 వరుస, చూడాల్సింది ఆగ్నేయాసియా దళాలవి ఉండే డబ్ల్యూ.ఓ. 172 వరుస. ఎడింబరో కోటలో ఉన్న రెజిమెంటు మ్యూజియాన్ని కూడా సంప్రదించాలి. 1971లో కారబినీర్స్‌ను రాయల్ స్కాట్స్ గ్రేస్‌తో కలిపి ఏర్పాటుచేసిన రెజిమెంటుది ఆ మ్యూజియం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. 1944 ఏప్రిల్ 13న ఇంఫాల్ దగ్గరి నున్షిగుమ్ కొండ మీద కారబినీర్స్‌లోని ఒక విభాగమైన బి స్క్వాడ్రన్ చేసిన పోరు పేరుమోసినది. నిట్టనిలువు వాలు మీద దారి చూసుకోవడానికి ట్యాంకు కమాండర్లు తలలు బయటికి పెట్టాల్సివచ్చి, తూటాలకు బలయ్యారు. స్క్వాడ్రన్ అధికారులందరూ చనిపోవడమో గాయపడడమో జరిగితే, సార్జెంట్ మేజర్ క్రాడాక్ నాయకత్వం తీసుకుని, డోగ్రా సిపాయిలతో కలిసి కొండను గెలిచారు. తాతగారి రికార్డులో స్క్వాడ్రన్ పేరు లేదు. కొత్త నివేదికలో ఆధారం లేకుండా ఆయన్ను ఆ కొండ ఎక్కించకండి. ఒక తప్పుడు గాయాన్ని తీసేసి దాని చోట తప్పుడు వీరత్వాన్ని పెడితే మాకు అక్కర్లేదు. ఆయన ట్యాంకు తోలారు, మలేరియాతో పడుకున్నారు, లేచి మళ్లీ తోలారు అన్నదే నిజమైతే అదే రాయండి.

అన్నిటికంటే ముందు మా ఫోటోను తిరిగి పంపండి. అసలు ప్రతి పంపితేనే బాగా స్కాన్ అవుతుందని మీరు చెబితే డిసెంబరులో రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు మీ సంతకం ఉన్న రసీదు నా దగ్గర ఉంది. ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా ఫోటో రాకపోయినా, పై కోరికలకు జవాబు రాకపోయినా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద హైదరాబాదులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపంపై ఫిర్యాదు చేస్తాను. నకళ్లు, ఉత్తరాలు, రసీదు అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

ఫోటోను మడవకుండా, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి పంపగలరు. కుడివైపు పైమూల ఇప్పటికే చిరిగి ఉంది.

ఇట్లు,
మీ ఖాతాదారు
(సంతకం)