పిల్లల కాళ్లు వంకర పోతే అది కర్మ అనకండ్రి

గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్ల పాఠకుల లేఖలల్ల దేవుడు ఉన్నడా లేడా అని ఈ మధ్య నడుస్తున్న చర్చ నేను ఒక్కటి కూడా వదలకుండా చదువుతున్న. ఒకాయన నల్గొండ జిల్లాల మునుగోడు, మర్రిగూడ దిక్కు నీళ్లల్ల ఫ్లోరైడ్‌తోని కాళ్లు వంకర పోయిన పిల్లల్ని చూసినంక కూడా దేవుడున్నడని ఎట్ల నమ్ముతరు అని రాసిండు. దానికి జవాబుగా ఇంకొకాయన అది వాళ్ల పూర్వజన్మ కర్మ, మధ్యల దేవుడ్ని అనుడు ఎందుకు అని రాసిండు. నేను దేవుడ్ని నమ్మేదాన్ని, వీలైనప్పుడల్ల అమావాస్యకు చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుని కాడికి పోయి నిద్ర చేసి వస్త. అయినా దేవుడు లేడన్న ఆయన మాట నన్ను ఆలోచనల పడేసింది గాని బాధ పెట్టలే, దేవుని తరఫున మాట్లాడిన ఆయన మాటకే నాకు కడుపు మండింది, అందుకే ఈ లేఖ.

నేను ఏఎన్ఎంగా పనిచేసి రిటైర్ అయిన. ఆ ఊర్లల్ల ఇల్లిల్లు తిరిగి కాల్షియం గోలీలు పంచిన, పిల్లలకి టీకాలు వేసిన. కొందరు పిల్లలు ముందుగాల మంచిగనే నడుస్తరు, తర్వాత తర్వాత పండ్ల మీద పసుపు, గోధుమ రంగు మరకలు వస్తయి, మోకాళ్లు దగ్గరికి వంగుతయి, కొందరికైతే నడుము, మెడ బిగుసుకపోయి పక్కకు తిరగాలంటే మొత్తం మనిషే తిరగాలె. తల్లులు నన్ను అడిగేది మందు గురించి కాదు, "ఏం పాపం చేసిన్నమ్మా నేను" అని. ఆ ప్రశ్న వాళ్ల నోట్లకి ఎక్కడ్నుంచి వచ్చింది? ఇది కర్మ అని పెద్దోళ్లు, గుడి కాడ కూసున్నోళ్లు ఏండ్ల తరబడి చెప్తే వచ్చింది. ఆ ఊర్లకి పిల్లనిచ్చేటోళ్లు లేరు, ఆ ఊరి పిల్లని చేసుకునేటోళ్లు లేరు, ఎముకల నొప్పికి తోడు సిగ్గు కూడా మోసిండ్రు.

కర్మ అన్న ఆయన ఒక్క సంగతి ఆలోచించాలె. మన దిక్కు భూమి కింద ఉన్నది గ్రానైట్ రాయి, ఆ రాయిల ఉన్న ఫ్లోరైడ్ నీళ్లల్లకి కరుగుతది, లీటరు నీళ్లల్ల 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు అని లెక్క ఉంటే మా దిక్కు కొన్ని బోర్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఒకే ఊర్ల చెరువు కింది బావి నీళ్లు తాగిన ఇండ్లల్ల పిల్లలు బాగుండి, లోతు బోరు నీళ్లు తాగిన ఇండ్లల్ల పిల్లలు వంకర పోయినది నేను కండ్లార చూసిన. పూర్వజన్మ పాపాత్ములందరు వచ్చి ఒక్క బోరు చుట్టే పుట్టిండ్రా? ఆ బోరు నీళ్లు పూజారి ఇంట్ల తాగినా, గౌండ్ల ఇంట్ల తాగినా ఒకటే తీరుగ ఎముకకు పట్టినయి. దేవుడు బోరు లోతు చూసి శిక్ష వేస్తడు అని చెప్పుడు కంటే దేవుడు లేడు అనుడే దేవునికి ఎక్కువ మర్యాద అని నాకు అనిపిస్తది, ఇది కోపంతోని అంటలేను, మనసుల ఉన్నదే అంటున్న.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలె. ఈ నీళ్ల కోసం కొట్లాడినోళ్లు ఎవరు? నాగపూర్‌ల ఉన్న నీరి అనే కేంద్ర ప్రభుత్వ పర్యావరణ పరిశోధన సంస్థ సైంటిస్టులు పటిక, సున్నం కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టిండ్రు, దానికి ప్రపంచమంత నల్గొండ టెక్నిక్ అనే పేరు. జలసాధన సమితోళ్లు 1996 పార్లమెంట్ ఎలక్షన్ల నల్గొండ సీటుకి గుంపులు గుంపులుగ నామినేషన్లు వేపిస్తే మొత్తం 480 మంది అభ్యర్థులు అయిండ్రు, బ్యాలెట్ పేపర్ పుస్తకం లెక్క అయింది, ఎలక్షన్ వాయిదా పడ్డది, దేశమంత అప్పుడు కదా నల్గొండ నీళ్ల ముచ్చట విన్నది. అటెనుక మిషన్ భగీరథల కృష్ణ నీళ్లు నల్లాలల్ల వచ్చినయి, ఇప్పుడు పుట్టిన పిల్లలల్ల ఆ రోగం తగ్గింది. ఈ కొట్లాటల దేవుడ్ని మొక్కేటోళ్లున్నరు, ఎర్రజెండా పట్టి దేవుడ్ని నమ్మనోళ్లు కూడా ఉన్నరు. కర్మ అని సర్దుకున్నోళ్లు మాత్రం ఏ ధర్నాల నాకు కనపడలే.

మరి ఇదంత తెలిసినంక నువ్వెందుకు నమ్ముతున్నవమ్మా అని ఆ మొదటి లేఖ రాసిన ఆయన అడుగుతడు. అడగాలె కూడా.

మహిమలు చూసి మాత్రం కాదు. మా నల్గొండ పక్కన పానగల్లుల ఛాయా సోమేశ్వరాలయం ఉన్నది, కుందూరు చోడుల కాలం నాటిది. గర్భగుడిల లింగం మీదికి ఒక స్తంభం నీడ పొద్దంత జరగకుండ పడుతది, సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతడు గాని నీడ పోదు. చిన్నప్పటి సంది మాకు అది దేవుని మహిమ అనే చెప్పిండ్రు. ఇప్పుడు సైన్స్ చదివినోళ్లు మండపంలకి వెలుతురు ఏ దిక్కుల నుంచి వస్తదో, స్తంభాలు ఏ లెక్కల నిలబెట్టిండ్రో, వాటి నీడలు ఎట్ల ఒక్క కాడ కలుస్తయో వివరంగ చెప్తున్నరు. అది విన్నంక కొందరు భక్తులు చిన్నబుచ్చుకున్నరు, నాకైతే ఆ శిల్పుల లెక్కకు ఇంకో దండం ఎక్కువ పెట్టాలనిపించింది. సైన్స్ చెప్పలేని సందులల్లనే దేవుడుంటడు అనుకుంటే ఏడాదికేడాది ఆయనకు జాగ తక్కువైతది, గట్ల నమ్ముడు నాకొద్దు.

దేవుడు లేకపోతే మనిషికి నీతి ఎక్కడిది అని వాదించేటోళ్లతోని కూడా నాకు పొత్తు కుదరది. నాగార్జునకొండ లోయల ఎనకట బౌద్ధ భిక్షువులు ఉన్నరు, లోకాన్ని పుట్టించిన దేవుడు అనే మాట లేకుండనే దయ గురించి చెప్పిండ్రు. మన పాత దర్శనాలల్ల సాంఖ్యులు, మీమాంసకులు సృష్టికర్త అవసరం లేదన్నరు, చార్వాకులైతే మొత్తానికే లేడన్నరు, అయినా వాళ్ల పేర్లు మన పండితులే తరతరాలుగ చదువుకుంట వచ్చిండ్రు. గోరా గారు 1940ల కృష్ణా జిల్లా ముదునూరుల నాస్తిక కేంద్రం పెట్టి అంటరానితనం మీద కొట్లాడిండు, రామనామం విడవని గాంధీగారు ఆయనను సేవాగ్రామ్‌కి రానిచ్చి కూసుండబెట్టి మాట్లాడిండు. నాతోని పనిచేసిన మగ నర్సు ఒకాయన ఏ దేవునికి చెయ్యెత్తనోడు, రాత్రి రెండింటికి కాన్పు కేసు వచ్చినా లేచి వచ్చేటోడు, ఆయన కంటే నేను మంచిదాన్ని అని చెప్పే ధైర్యం నాకు లేదు.

నేను నమ్మేదానికి కారణం ఆ వంకర కాళ్ల పిల్లగాని కాడనే ఉన్నది. వాన్ని చూసినప్పుడు నా లోపల ఒకటే మాట లేస్తది, ఇది అన్యాయం అని. రాయిల నుంచి ఫ్లోరైడ్ కరిగింది, నీళ్లల్ల కలిసింది, ఎముకకు పట్టింది, ఇందుల రాయి తప్పేమున్నది, నీళ్ల తప్పేమున్నది? లోకంల రాళ్లు, నీళ్లు, ఎముకలు తప్ప ఇంకేం లేకపోతే అది జరిగింది అనాలె గాని అన్యాయం అనే మాట ఎవరి మీద అంటున్న నేను? మా దిక్కు తల్లులు బిడ్డ మంచం పట్టినప్పుడు గుడి ముందర నిలబడి "నీ కండ్లు పోయినయా, నీకు పిల్లల్లేరా" అని దేవుడ్ని నోటికొచ్చినట్టు తిడుతరు. గోల్కొండ జైల్ల ఉండి రామదాసు తన రాముడ్నే తిట్టిండు కదా. ఆ తిట్టుడు నాకు భక్తి లెక్కనే కనపడుతది. ఎవరో వినేటోడు ఉన్నడు, ఉండాలె, ఆయన ఇట్ల కానియ్యొద్దు అని గట్టిగ అనుకున్నోళ్లే గట్ల తిడుతరు. బాధ లేని కాడ నేను దేవుడ్ని ఎన్నడు చూడలే, బాధను ఒప్పుకోని మనసు కాడనే చూసిన.

దీనికి నాస్తికులు ఏమంటరో నాకు తెలుసు, మా మేనల్లుడే అంటడు, "అత్తా, మనుషులు లక్షల ఏండ్లు గుంపుగ బతికిండ్రు, ఒకరినొకరు చూసుకున్న గుంపులు నిలబడ్డయి, ఆ దయ అట్ల వచ్చింది, దానికి దేవుడెందుకు" అని. కావొచ్చు, నేను కాదంట లేను. కానీ అది దయ ఏ తొవ్వల వచ్చిందో చెప్తది, ఇయ్యాల నాకు పనికిరాని, నాకు చుట్టం కాని ఒక పిల్లగాని కోసం నేను ఎందుకు నిద్ర చెడగొట్టుకోవాలె అనే దానికి జవాబు చెప్పది. వానికి నేను బాకీ ఉన్న అని నాకు తెలుస్తది, ఆ బాకీ గుంపు పెట్టింది కాదు, ఓట్లు వేసి తీసేసేది కాదు. ఆ బాకీ ఎవరికి లెక్క చెప్పాల్నో ఆయన్నే నేను దేవుడు అంటున్న. ఇది రుజువు కాదని మా మేనల్లుడు అంటడు, నేను కూడా రుజువు అంటలేను, నాకు నిలబడటానికి సరిపోయే కారణం అంటున్న. ఇంక పిల్లగానికి ఆ నొప్పి ఎందుకు పెట్టినవు అనే ప్రశ్నకి నా దేవుని కాడ నుంచి నాకు ఇప్పటిదాంక జవాబు రాలే, వచ్చిందని చెప్పేటోళ్లని నేను నమ్మ.

ఇప్పుడు అసలు ఈ లేఖ రాయటానికి ఇంకో సంగతి ఉన్నది. మా మండల కేంద్రంల కాలేజీ పిల్లలు కొందరు మూఢనమ్మకాల మీద మీటింగ్ పెట్టుకుంటమని ఒక ఫంక్షన్ హాలు మాట్లాడుకుంటే, నాస్తికులకి ఎట్ల ఇస్తరు అని కొందరు పోయి గొడవ చేసిండ్రు, హాలాయన భయపడి అడ్వాన్స్ వాపస్ ఇచ్చిండు. ఇది దేవుని కోసం చేసినమంటున్నరు. ఎవరి దేవుడు ఇంత బలహీనమైనోడు? జాన్‌పహాడ్ దర్గల మొక్కుకుని పుట్టిన హిందువుల పిల్లలకి సైదులు, సైదమ్మ అని పేర్లు పెట్టుకునే జిల్లా ఇది, పీరీల ముందర అన్ని కులాలోళ్లు అలావ్ ఆడే ఊర్లు ఇవి, ఇంత జాగ ఉన్న మన మనసులల్ల నలుగురు పిల్లలు మైకు పట్టుకుని ప్రశ్న అడిగితే ఇరుకైతదా? రాజ్యాంగంల 25వ ఆర్టికల్ నాకు మొక్కే హక్కు ఇచ్చింది, అదే ఆర్టికల్ల అంతరాత్మ స్వేచ్ఛ అనే మాట ముందుగాల ఉన్నది, అది మొక్కనోనికి కూడా. 1976ల చేర్చిన 51ఏ ఆర్టికల్ అయితే శాస్త్రీయ దృష్టి పెంచుకునుడు పౌరుల బాధ్యత అన్నది, అంటే ఆ పిల్లలు వాళ్ల బాధ్యతే చేస్తున్నరు. వాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలె, మైకుల భక్తుల్ని గొర్రెలు అని మొదలుపెడితే మా ఊరి తల్లులు లేచి పోతరు, వాళ్లకి చెప్పాల్సిన నీళ్ల ముచ్చట వాళ్ల చెవిన పడది.

చెర్వుగట్టు, మా దిక్కు మిగతా గుళ్ల కమిటీలోళ్లకి నా విన్నపం ఒక్కటే. అమావాస్య రోజు మైకుల వేలంపాటల సంగతి, చెప్పుల జాగ సంగతి చెప్తరు కదా, అదే మైకుల వంకర కాళ్లు పాపం కాదు, బోరు నీళ్లు తాగకండ్రి, నల్లా నీళ్లే పట్టుకోండ్రి అని కూడా చెప్పించండ్రి. భగీరథ నీళ్లు రెండు రోజులు రాకపోతే జనం మళ్లీ బోరు కాడికే పోతున్నరు, నేను చూస్తనే ఉన్న. గుడిల చెప్తే వినేటోళ్లు ఆఫీసర్లు చెప్తే వినేటోళ్ల కంటే ఎక్కువ.

హాలు గొడవ చేసినోళ్లకి కూడా ఈ లేఖ చేరాలె, అందుకే మా మండలం పేరు కింద రాస్తున్న. ఆ పిల్లలకి హాలు మళ్లీ ఇప్పియ్యండ్రి, తేదీ చెప్పండ్రి. నేను పోయి ముందట కూసుంట, వాళ్లని అడగాల్సిన ప్రశ్నలు నాక్కూడా ఉన్నయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
మర్రిగూడ మండలం, నల్గొండ జిల్లా