613 ఆజ్ఞలకి 613 బొమ్మలు, దీన్ని వెక్కిరింత అనకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

యూదుల 613 మతాజ్ఞలకి ఆర్చీ రాండ్ అనే పెయింటర్ కామిక్స్ స్టైల్లో వేసిన బొమ్మల్ని చూసి ఇది వెక్కిరింత అనుకునేవాళ్ళ కోసం ఈ ఉత్తరం. యూదు మతంలో బొమ్మలు నిషేధం, వాళ్ళకి దేవుడి సంబంధమైన చిత్రకళే లేదు అని చాలామంది తేలిగ్గా అనేస్తుంటారు, అది కరెక్ట్ కాదండీ. అక్కడ ముఖ్యంగా వద్దన్నది బొమ్మని పెట్టి పూజ చెయ్యడం. సిరియాలో డ్యూరా యూరోపస్ తవ్వకాల్లో 1932లో మూడో శతాబ్దం నాటి సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) ఒకటి బయటపడింది, దాని గోడల నిండా మోషే కథ, ఎస్తేరు కథ, మనుషుల బొమ్మలతో సహా ఉన్నాయి.

ఇక ఆర్చీ రాండ్ సంగతి. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టిన పెయింటర్. 1974లో అక్కడి బ్నాయ్ యోసెఫ్ సినగాగ్ వాళ్ళు లోపలి గోడలన్నీ బొమ్మలతో నింపే పని ఈయనకి అప్పజెప్పారు, అప్పటికి పాతికేళ్ళ కుర్రాడు, మూడేళ్ళు పట్టింది. ఇది ధర్మానికి ఒప్పుతుందా అని రబ్బీల (యూదు మతగురువుల) మధ్య పెద్ద గొడవే అయింది, చివరికి రబ్బీ మోషే ఫైన్‌స్టైన్ అంతటి పండితుడు తప్పులేదని చెప్పాక తేలింది. నాకు చాలా నచ్చింది ఇదే, గోడలకి సున్నం కొట్టెయ్యకుండా శాస్త్రం తెలిసినవాళ్ళని అడిగారు.

తర్వాత ఇంకా పెద్ద పని పెట్టుకున్నాడు. యూదుల పవిత్ర గ్రంథం తోరాలో 613 ఆజ్ఞలని సంప్రదాయం లెక్క, చెయ్యమన్నవి 248, వద్దన్నవి 365, ఒక్కోదానికి ఒక్కో కాన్వాస్ చొప్పున 2006కి మొత్తం పూర్తిచేశాడు. అదీ పాత అమెరికన్ కామిక్స్‌లో ఉండే గాఢమైన రంగులతో, ఆ అల్లరి స్టైల్లో! ఆజ్ఞకీ బొమ్మకీ సంబంధం ఒక్కోసారి చూడగానే తట్టదు, నిలబడి ఆలోచించాల్సిందే. పొలం కోసేటప్పుడు ఓ మూల పేదలకి వదిలెయ్యమన్న ఆజ్ఞ ఉంది ఇందులో, యెరూషలేము గుడిలో ఇచ్చే బలుల గురించినవీ ఉన్నాయి, ఆ గుడి కూలి రెండువేల ఏళ్ళు కావొస్తోంది కాబట్టి అవి ఇవాళ ఎవరూ పాటించలేరు, అయినా ఈయన ఒక్కటి కూడా వదల్లేదు. వెక్కిరించేవాడు పదో బొమ్మకే విసుగొచ్చి ఆపేస్తాడు కదా, ఇంత ఓపిక భక్తి లేకపోతే ఎక్కడినుంచి వస్తుంది. స్టైల్ కొత్తదైనంత మాత్రాన భక్తి లేదనలేం, మనిళ్ళల్లో దండం పెట్టుకునే లక్ష్మీ సరస్వతి పటాలు కూడా రవివర్మ ప్రెస్ నుంచి వచ్చినప్పుడు కొత్త పద్ధతివే.

ఈ బొమ్మలన్నీ 2015లో పుస్తకంగా కూడా వచ్చాయి. మీ ఆదివారం అనుబంధంలో దీనిమీద ఒక ఫుల్ పేజీ, కలర్లో, ఏ బొమ్మ ఏ ఆజ్ఞకో తెలుగులో కింద రాసి వెయ్యండి, బ్లాక్ అండ్ వైట్‌లో మాత్రం వద్దు ప్లీజ్.

ఇట్లు,
మీ పాఠకుడు, హైదరాబాద్