మంత్రి గారూ, మా సిక్కోలుకి ఒక్క బస్సు వేయించండి

గౌరవనీయులైన పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఉత్తరాంధ్ర టూరిజం అనగానే వైజాగ్ బీచ్, అరకు ఫొటోలే కనిపిస్తాయి. ఇంకాస్త పైకొస్తే మా శ్రీకాకుళం తీరం ఉందండీ, ఇక్కడ కొత్తగా కట్టాల్సిందేమీ లేదు, ఉన్నవాటి దగ్గరికి జనం వెళ్ళగలిగితే చాలు.

రథసప్తమికి అరసవల్లిలో ఇసకేస్తే రాలనంత జనం. అంత దూరం వచ్చినోళ్ళు దర్శనం అవగానే బండెక్కేస్తారు, పాపం పక్కనే శ్రీకూర్మం ఉందని చాలామందికి తెలీదు. కూర్మావతారానికి గుడి, రెండు ధ్వజస్తంభాలు, పడమటి వైపు చూసే స్వామి, స్తంభాల నిండా శాసనాలు, గోడల మీద పాతకాలం రంగుల బొమ్మలు, పిల్లలకైతే అక్కడ పెంచే తాబేళ్ళు చాలు, కదలరు.

శ్రీకూర్మం ఉన్న గార మండలంలోనే శాలిహుండం. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధుల ఇటుక స్తూపాలు, చైత్యాలు. 1919లో దీన్ని వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులు గారే! వాడుక భాష గిడుగు అందరికీ తెలుసు, ఈ సంగతి మా జిల్లా దాటి పోలేదు.

ఇక ముఖలింగం, నన్నడిగితే అన్నిటికన్నా ఇదే గొప్పది. తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం ఇదేనంటారు. మధుకేశ్వరుడి గుడి ద్వారాల మీద చెక్కడం చూస్తూ గంట నిలబడొచ్చు, సోమేశ్వరాలయం శిఖరం చూస్తే భువనేశ్వర్‌లో ఉన్నామా అనిపిస్తుంది. భువనేశ్వర్ దాకా పోయి గుళ్ళు చూసొచ్చే మనోళ్ళు దారిలో దీన్ని వదిలేస్తున్నారు, అదే నా బాధ.

శాలిహుండం, ముఖలింగం కేంద్ర పురావస్తు శాఖ చూసుకుంటుంది కదా అంటారేమో. కట్టడాలు వాళ్ళవి సరే, బస్సు మనదే కదండీ, దారి చూపించే బోర్డులూ మనం పెట్టుకోవచ్చు కదా.

కనీసం ఆదివారాలు, సెలవు రోజుల్లో ఆమదాలవలస స్టేషన్ నుంచి పొద్దున్నే ఒక బస్సు తీసి ఈ నాలుగూ చూపించి సాయంత్రానికి కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర కాసేపు ఆపి వెనక్కి తెస్తే చాలు. చరిత్ర చదివిన లోకల్ కుర్రోళ్ళకి ట్రైనింగ్ ఇచ్చి గైడ్లుగా పెట్టండి, ఆడవాళ్ళకి శుభ్రమైన బాత్రూములు కట్టించండి. టైమింగ్స్ మాత్రం ఆఫీసులో కూర్చుని రాయొద్దని చెప్పండి సార్, మధ్యాహ్నం గుడి తలుపులేశాక బస్సు అక్కడికి చేరితే ఎవరికీ లాభం లేదు.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా ఓటరు ఒకరు