శాంతి సభలు సరే, కలిసి చేసే పని ఏదీ?

ఎడిటర్ గారికి నమస్తే,

ఎక్కడ రెండు వర్గాల మధ్య గొడవ జరిగినా వారం తిరక్కుండా ఒక శాంతి సభ పెట్టేస్తారు, స్టేజి మీద పెద్దలు చేతులు కలిపి ఫొటో దిగుతారు, కింద జనం మాత్రం ఎవరి వాళ్ళ పక్కన వాళ్ళు కూర్చుని అలాగే లేచి వెళ్ళిపోతారు. జాలి, దయ అని మైకులో ఎంత చెప్పినా ఒకళ్ళతో ఒకళ్ళకి పని పడనప్పుడు ఎలా వస్తాయండీ అవి?

1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే సైకాలజిస్టు పదకొండేళ్ళ పిల్లల్ని 22 మందిని క్యాంపుకి తీసుకెళ్ళి రెండు జట్లు చేసి పోటీలు పెట్టాడు, కొద్ది రోజుల్లోనే అవతలి జట్టు జెండాలు తగలబెట్టేదాకా వెళ్ళింది వ్యవహారం. సరే కలుస్తారులే అని ఒకే హాల్లో భోజనం పెడితే ప్లేట్లలోది తీసి విసురుకున్నారు! తర్వాత క్యాంపుకి నీళ్ళు రావడం ఆగిపోయింది (ఆపించింది ఆయనే లెండి, పిల్లలకి చెప్పకుండా ఇలా చేయడం నాకైతే నచ్చలేదు), రెండు జట్లూ కలిసి ట్యాంకు దాకా వెళ్ళి తంటాలు పడ్డాయి. ట్రక్కు మొరాయిస్తే ముందు ఎదురెదురుగా నిలబడి లాగిన తాడునే ఈసారి అందరూ ఒకే వైపు నుంచి లాగారు. ఒక్క దెబ్బకి మారిపోలేదు గానీ ఇలాంటివి కొన్ని అయ్యాక ఒకే బస్సులో ఇంటికెళ్తామని వాళ్ళే అడిగారు.

అయితే ప్రాణాలు పోయిన చోట తాడు లాగితే సరిపోదు. సౌత్ ఆఫ్రికాలో తెల్లవాళ్ళ వర్ణవివక్ష పాలన పోయాక అప్పటి దారుణాల నిజాలు బయటికి తీయడానికి ఒక కమిషన్ వేశారు, డెస్మండ్ టుటు అనే ఆర్చిబిషప్ ఛైర్మన్‌గా 1996 నుంచి బాధితుల్ని కూర్చోబెట్టి అందరి ముందు జరిగింది చెప్పించారు, చేసినవాళ్ళు నిజం మొత్తం ఒప్పుకుంటేనే క్షమాభిక్ష, అది చాలా పెద్ద విషయం. కానీ పరిహారం దగ్గరకొచ్చేసరికి కమిషన్ అడిగిందాని కంటే బాగా తగ్గించి 2003లో ఒక్కో బాధితుడికి ఒకేసారి 30,000 రాండ్లు (అక్కడి డబ్బు) అని ప్రకటించారు, ఆ మంట ఇంకా ఆరలేదు. క్షమించమని అడగడం ఈజీ, లెక్క తేల్చడమే కష్టం.

బెల్‌ఫాస్ట్‌లో (ఇది నార్తర్న్ ఐర్లాండ్‌లో ఉంది) క్రైస్తవుల్లోనే రెండు వర్గాల మధ్య గొడవలు నడుస్తున్న రోజుల్లోనే కొందరు తల్లిదండ్రులు ఎవరి కోసమూ ఆగలేదు, కాథలిక్, ప్రొటెస్టెంట్ పిల్లలు కలిసి చదువుకోడానికి 1981లో లాగన్ కాలేజీ అని స్కూలు మొదలుపెట్టారు, 28 మంది పిల్లలతో. అక్కడ శాంతి ఒప్పందం కుదిరింది ఆ తర్వాత ఎప్పుడో 1998లో. నాకు ఆ తల్లిదండ్రులే గొప్పోళ్ళు అనిపిస్తారు.

మీకు ఒక రిక్వెస్ట్ అండీ. గొడవ రోజు ఫ్రంట్ పేజీలో వేస్తారు కదా, ఆర్నెల్ల తర్వాత అదే చోటికి రిపోర్టర్ని పంపించండి, పరిహారం చేతికందిందా, పిల్లలు ఒకే బడికి వెళ్తున్నారా, ఇద్దరూ కలిసి ఏ పనైనా చేస్తున్నారా అడిగి రాయించండి, అది కూడా ఫ్రంట్ పేజీలోనే.

ఇట్లు,
మీ పాఠకుడు